రోజుకు పన్నెండు సీట్లు

చివరి స్పేస్ షటిల్ నేలకు దిగిన మర్నాడు మధ్యాహ్నానికల్లా నన్నూ లవర్న్‌నీ పనిలోంచి తీసేశారు. అంతరిక్షం నుంచి తిరిగొచ్చేటప్పుడు షటిల్ ఒళ్లు కాలిపోకుండా పైన అతికించే తెల్లటి దుప్పట్లు కుట్టే పని మాది. గాజుపోగు బట్ట, గాజు దారం. నేను పదకొండేళ్లు కుట్టాను, లవర్న్ హ్యాచర్ ఇరవై ఆరేళ్లు కుట్టింది. ఒకరు కుట్టినదాన్ని మరొకరు భూతద్దంతో చూసి సంతకం పెట్టాలి. మూడు రోజుల పనిని ఒక్క వంకర కుట్టు కోసం మొత్తం విప్పించిన సందర్భాలున్నాయి.

ఆ తర్వాత లవర్న్ ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయింది. వాళ్లాయన డ్వేన్ నాకు ఫోన్ చేశాడు.

"ఇనేస్, నీకు పుణ్యముంటుంది, దీన్ని ఎక్కడికైనా తీసుకుపో. తెల్లారకుండానే లేచి కర్టెన్లు విప్పి మళ్లీ కుడుతోంది. నిన్న నా చొక్కా గుండీలన్నీ పీకేసింది, గట్టిగా లేవట."

అప్పటికి నేను మా ఊరు టైటస్‌విల్‌లోనే పడవల సీట్లు కుట్టే షాపులో చేరాను. లవర్న్‌నీ అక్కడికే తీసుకెళ్లాను. ఓనరు కర్టిస్‌కి ముప్పై ఏళ్లుంటాయి, రోజుకు పన్నెండు సీట్లు కావాలన్నాడు. మొదటిరోజు లవర్న్ రెండు కుట్టింది.

"మిస్ లవర్న్, ఇది చేపలు పట్టే పడవండీ. ఆకాశానికి పోదు."

"తెలుసులే నాయనా. చేపలు పట్టేవాడికి మాత్రం నడుం లేదా?"

నాలుగో వారానికి పన్నెండూ కుట్టేసింది. ఆ రోజు భోజనాలప్పుడు కూర్చోకుండా, శాండ్‌విచ్ చేత్తో పట్టుకుని షాపు బయట కార్ల మధ్య తిరుగుతూనే ఉంది.

"చూడకుండా కుట్టేస్తున్నానే," అంది.

"మంచిదేగా."

"ఇంత తేలిగ్గా వచ్చేస్తుందనుకోలేదు. అదే నచ్చట్లేదు."

ఆ శుక్రవారం గ్యారెట్ ఓలెన్ వచ్చాడు. మా దుప్పట్లు షటిల్‌కి అతికించే ముందు చివరిసారి చూసే ఇంజనీరు ఆయనే. లవర్న్ కుట్టిన తన పడవ సీట్లు రెండు తీసుకెళ్లడానికి వచ్చాడు. పలకరింపులయ్యాక ఒక సీటు తిరగేసి, కుట్టు వెంట బొటనవేలు జరిపాడు. ఒకచోట వేలు ఆగింది.

లవర్న్ మొహం ఎర్రబడింది. "ఇలా ఇవ్వండి అది."

"ఎందుకు లవర్న్, బాగానే ఉంది."

"బాగాలేదని మీకు తెలుసు. మంగళవారం రండి."

"పడవ అమ్మేస్తున్నాను. కాన్సస్‌లో పని దొరికింది. కొనేవాడు రేపు వస్తాడు."

"అయితే రేపు పొద్దున్నే రండి," అని రెండు సీట్లూ లాక్కుంది.

కర్టిస్ తల పట్టుకున్నాడు. "అమ్మేసే పడవకి ఎందుకండీ ఇదంతా?"

"నీ టైములో కాదులే. పనయ్యాక కూర్చుంటా."

సాయంత్రం నేనూ ఆగాను. తను విప్పి కుడుతుంటే రెండో వైపు పట్టుకున్నాను. అయిపోయాక కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. మూల దగ్గర ఒక కుట్టు పక్కకు జరిగింది. చెప్పకపోయినా సరిపోయేది. ఇంట్లో నా పిల్లలు ఆకలితో ఉంటారు, వెళ్లాలి.

"ఇక్కడ," అన్నాను.

"దొంగదానివే నువ్వు," అంటూ బ్లేడు అందుకుంది. నెల తర్వాత మళ్లీ అప్పుడే నవ్వింది.

మర్నాడు ఓలెన్ సీట్లు తిరగేసి చూడలేదు. ట్రక్కులో పెట్టుకుని, మా ఇద్దరితో చేయి కలిపి వెళ్లిపోయాడు. సోమవారం లవర్న్ మళ్లీ పన్నెండు కుట్టింది, మంగళవారమూ కుట్టింది. బుధవారం రాలేదు.

గంట దూరంలో ఉన్న డిలాండ్‌లో పారాచూట్లు కుట్టే చోట చేరిందని డ్వేన్ చెప్పాడు. అక్కడ ఇంకొకరికి కూడా చోటుందని, నన్ను రమ్మని లవర్న్ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. రానూపోనూ రెండు గంటలు, పిల్లల బడి, జీతం కూడా తక్కువే. చూస్తానంటాను. ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఏ పనీ చెయ్యబుద్ధి కాదు.