వేలు మందం నీళ్లు

1961 వేసవిలో నేను రాయమల్లు అనే కుమ్మరి మీద అసూయపడ్డాను. నాకప్పుడు ముప్పయ్యెనిమిదేళ్లు. పెద్దపల్లి దగ్గరి మా ఊరి బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. దయ్యాలు లేవనీ, గ్రహణం పట్టినప్పుడు అన్నం తినవచ్చుననీ పిల్లల చేత ఒప్పించగలిగిన వాణ్ణి. నాలో ఉన్నది అసూయేనని నా చేత నేను ఒప్పించుకోవడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.

ఆ ఏడు భజన మండలి వాళ్లు బడి ఆవరణలో పందిరి వేసి మూడు రోజుల సంగీతోత్సవం పెట్టారు. సాయంత్రాలు పాటలు. పొద్దుటి పూట మాత్రం కుటుంబాలకు కుటుంబాలే వచ్చి ఏదో ఒకటి నేర్చుకోవాలి. ఒక మూల తల్లులూ బిడ్డలూ చిరుతలనే చెక్క తాళాలు పట్టి అడుగులు వేసేవారు. ఇంకో మూల తాతలు మనుమలకు తాళం చెప్పేవారు. మూడోనాడు మధ్యాహ్నం ప్రతి ఇంటివారూ తాము నేర్చింది అందరి ముందూ చూపాలి. నేనూ, నా కూతురు అనసూర్యా కలిసి ఏడు కుండల్లో నీళ్లు నింపి ఏడు స్వరాలు పలికించాలన్నది నా ఆలోచన. అనసూర్యకు పదకొండేళ్లు. అంతవరకు ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వచ్చేది.

మొదటిరోజు రాయమల్లు కావడిలో ఏడు కొత్త కుండలు తెచ్చాడు. నాకంటే ఐదారేళ్లు పెద్దవాడు, మాట తక్కువ. నేను నల్లబల్ల మీద బొమ్మ గీసి, నీళ్లు పెరిగితే కుండలో గాలి తగ్గుతుందనీ, గాలి తగ్గితే స్వరం పైకి పోతుందనీ వివరించాను. అనసూర్య పుల్లతో నిండు కుండను తట్టింది. తర్వాత వెలితి కుండను తట్టింది. మళ్లీ రెండూ తట్టింది.

"ఉల్టా వస్తుంది గద బాపూ," అంది.

పందిట్లో నలుగురు నవ్వారు. నేను నల్లబల్ల మీది బొమ్మను మరోసారి చూసుకున్నాను. రాయమల్లు ముందుకు వచ్చాడు.

"సారు జెప్పింది గూడ నిజమే బిడ్డా. బాయికాడ బిందె నిండుతుంటే సప్పుడు పైకి పోతది, యిన్నవా? గది లోపటి గాలి సప్పుడు. మనం కొడితే పలికేది కుండ గోడ. నీళ్లు ఎక్కినకొద్ది గోడకు బరువైతది, సప్పుడు కిందికి దిగుతది."

చెప్పినది అక్షరాలా సరైనది. పైగా నా పరువు కూడా కాపాడాడు. అది నాకు మరింత సహించరానిదిగా తోచింది.

రెండోరోజు అనసూర్య నా పక్కన కాక అతని పక్కన కూర్చుంది. కళ్లు మూసుకుని కుండను వేలి కణుపుతో తట్టి, పగులు ఎక్కడుందో చెప్పడం నేర్పుతున్నాడు. ప్రతిసారీ "గిది పగిలింది పెద్దబాపూ" అని ఆమె, "మంచిగ యిను, ఇంకోపారి యిను" అని అతను. ఈడులో పెద్దవాళ్లను వరుస పెట్టి పిలవడం మా ఊళ్లో మామూలే. అయినా ఆ పిలుపులోని 'పెద్ద' అనే రెండక్షరాలు ఆ రోజంతా నన్ను గుచ్చుతూనే ఉన్నాయి.

అన్నం దగ్గర నా భార్య బాలలక్ష్మితో, "ఆయన నాకన్న రెండంగుళాలు పొట్టి," అన్నాను.

"ఎవలు?"

"రాయమల్లు."

"కుండలాయన పొడుగు మీకెందుకు?" అని ఆమె పులుసు పోసింది. "నేనే పొమ్మన్న బిడ్డను ఆయనకాడికి. మీ దగ్గర ఉంటే పాట కూడ పరీక్షైతది దానికి."

మూడోరోజు ఉదయం ఎనిమిది గంటలకు వాళ్లిద్దరూ ఏడు కుండలకూ స్వరాలు కుదిర్చారు. నేను స్కేలు పెట్టి ప్రతి కుండలోనూ నీటి ఎత్తు కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. పది గంటలకు మళ్లీ కొలిచాను. వైశాఖపు వడగాలి, కొత్త కుండలు, వాటి ఒళ్లంతా చెమ్మ. మూడో కుండ గోడ పలుచన కాబట్టి దాని నీళ్లు అన్నిటికంటే వేగంగా తగ్గుతున్నాయి. మా వంతు వచ్చేసరికి వేలు మందం తగ్గుతుందని లెక్క తేలింది. అంత తగ్గితే స్వరం పైకి జారక తప్పదు.

ఆ మాట చెప్పవలసింది. నేను చెప్పలేదు. నా సంచిలో బడి అలమారలోని ఏడు గాజు బీకర్లు ఉన్నాయి. గాజుకు చెమట పట్టదు. పాట చెడినప్పుడు నా బిడ్డ నా వైపు చూస్తుంది, అప్పుడు సంచి విప్పుతాను. ఒక ప్రయోగానికి చేసినంత శ్రద్ధగా ఈ ఏర్పాటంతా చేశాను.

రెండు గంటలకు మమ్మల్ని పిలిచారు. నేను తాళం పట్టాను. అనసూర్య పుల్లలు తీసుకుని వాయించింది. మొదటి రెండు కుండలూ బాగానే పలికాయి. మూడోది కీచుమంది.

"మూడో కుండకు సర్ది అయినట్టున్నదిరా," అన్నాడు మండలిలో డోలక్ వాయించే సిద్దిరాములు. పందిరంతా నవ్వింది.

అనసూర్య ఆగి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే చెడింది. నా చెయ్యి సంచిలోకి పోయింది. కాని ఆమె నా వైపు చూడలేదు. రాయమల్లు వైపూ చూడలేదు. తన కుడిచేతిని చూసుకుంది. పుల్లలు కింద పెట్టి, ఆ చెయ్యి లంగా మడతల్లో దాచుకుంది.

"నా చెయ్యే మంచిగ లేదు," అంది.

రాయమల్లు వచ్చి కుండలోకి తొంగి చూశాడు. "నీళ్లు ఇంకినయి బిడ్డా, నీ చెయ్యి కాదు. పన్నెండు గంటలకే ఇంకిన్ని నీళ్లు పోద్దమనుకున్న, నువ్వేనాయె వద్దన్నది. బాపు పొద్దటి సంది కొలుస్తుండు, తక్కువైతే బాపే జెప్తడు అంటివి."

మరిచిపోయాను అనే మాట నా నాలుక మీదికి వచ్చింది. చాలా అనువైన మాట. దాన్ని ఎవరూ శంకించి ఉండరు. కాని ఆ పిల్ల ఇంకా చెయ్యి బయటికి తీయలేదు.

"మూడో దాంట్ల వేలు మందం తగ్గిందని నాకు ఎరుకే," అన్నాను. "ఎరుకుండే చెప్పలే."

"ఎందుకు బాపూ?"

"నువ్వు ఆయన పక్కన కూసున్నవని."

నవ్వుతున్నవాళ్లు ఆగిపోయారు. సిద్దిరాములు డోలక్ తాళ్లు సవరించుకోవడంలో పడ్డాడు. రాయమల్లు చెంబు తీసుకుని నీళ్లకు వెళ్లాడు.

అనసూర్య నా చేతిలోని పుస్తకం అడగకుండానే తీసుకుంది. ఉదయం ఎనిమిది గంటల వరుస చూసి, స్కేలు పెట్టి, ఏ కుండకు ఎంత కావాలో అంతే పోసింది. పోసిన ప్రతి కుండనూ వేలితో తట్టి విన్నది. అంకెలు సరిగానే ఉన్నాయి. పాట మొదటినుంచి చివరిదాకా వాయించింది. నడుమ ఒకచోట నా తాళం తప్పింది. ఆమె తల తిప్పలేదు.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా తల్లితో, "అవ్వా, బాపును జరుగుమను, ఊడుస్తున్న," అనేది. బాలలక్ష్మి ఆ మాటను నాకు చేరవేసి, తన వంతుగా మరొక్క మాట కూడా కలపలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఉత్సవం ముగిసిన మూడోనాటి పొద్దున రాయమల్లు ఇంటికి వెళ్లాను. సారె చక్రం పక్కన కూర్చుని మట్టి పిసుకుతున్నాడు. తప్పయిందని చెప్పాను. అతను మట్టిలోంచి చిన్న రాయి ఏరి అవతల పారేశాడు.

"నా చిన్నబిడ్డ భూమవ్వ మీ బడికి వచ్చి మూడేండ్లాయె సారూ," అన్నాడు. "అప్పటి సంది నేను ఏం జెప్పినా, 'సారు గట్ల జెప్పలే' అంటది. మొన్న మన్ను గురించి జెప్పినా గదే మాట. మన్ను గురించి సారూ, నాకు."

"మరి నాతో ఎన్నడూ అనలేదేం?"

"ఏమని అనాలె? బిడ్డకు సదువు జెప్పవట్టిరి."

అతను తన గోనెపట్టా సగం నా వైపు జరిపాడు. నేను కూర్చున్నాను. లోపలి గదిలో భూమవ్వ నా పాఠం బిగ్గరగా చదువుతోంది. అతను మట్టిని అవసరమైనదానికంటే గట్టిగా పిసుకుతున్నాడు.