కుక్క మెడలో పురిటి చొక్కా

కలిచా ఇంట్లో ఏ గుడ్డా చెత్తలోకి పోదు. చిరిగిన లాగూలు, చిమటలు కొట్టిన కోట్లు, పోయిన ముసలమ్మల తలగుడ్డలు అన్నీ ముక్కలై, మళ్ళీ పరుపులూ దిండ్లూ అయి, ఊళ్ళో పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ కానుకలుగా వెళ్తాయి. అయితే ఆమె కుట్టినవాటిలో పాత మనుషుల గొంతు మిగిలిపోతుంది. ట్రాక్టరు నడిపిన బెక్తుర్ లాగూతో కుట్టిన పరుపు చలికాలం పొద్దున్నే ఇంజన్ని బూతులు తిడుతుంది. పిల్లలున్న ఇంట్లో దాన్ని తిరగేసి పరుచుకుంటారు, అంతే.

దామిరాకి మాత్రం ఇవన్నీ చింకిపాతలు. ఒకప్పుడు ఊరి కార్యాలయంలో కుర్చీలో కూర్చుంది. కుర్చీ పోయింది గాని మూతి వంకర పోలేదు. నగరంలో కొన్నదైతే వస్తువు, చేత్తో చేసిందైతే దరిద్రం. అత్తగారు సొనున్‌బుబు తొంభై దాటి పోతే, ఆవిడ మఖమలు కోటుని బూడిదకుప్ప మీద పారేసిన ఘనురాలు.

ఆమె కోడలు నుర్జాత్‌కి ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మూడోవాడు బతికున్నాడు గాని పాలు సరిగ్గా తాగడం లేదు. "దీని పాలే అచ్చిరావు" అని దామిరా తేల్చేసింది. పిల్లాణ్ణి తన దగ్గరుంచుకుని డబ్బాపాలు పడుతుందట, కోడల్ని పుట్టింటికి తోలేస్తుందట. కొడుకు మక్సాత్ గొర్రెలతో కొండ మీదున్నాడు. ఇంట్లో ఉన్నా తల్లి ముందు నోరు విప్పే రకం కాదు.

నుర్జాత్‌ని తీసుకెళ్ళే కారు వాకిట్లో ఆగిన పొద్దునే కలిచా వచ్చింది. దామిరా ఆమెకి గిన్నె అంచుదాకా చాయ్ పోసింది. మా వైపు చుట్టానికి గిన్నె అడుగున కాస్త పోసి, మళ్ళీ మళ్ళీ పోస్తారు. నిండుగా పోశారంటే తాగి వెళ్ళమని.

కలిచా గిన్నె ముట్టుకోలేదు. చంకలోంచి మఖమలు అతుకులున్న చిన్న చొక్కా తీసింది. "నిండుగా బతికిన ముసలాళ్ళ గుడ్డలమ్మా ఇవి. ముందు కుక్కకి కట్టి, తర్వాత పిల్లాడికి తొడగండి. గట్టిపడతాడు."

"నా మనవడికి ఊరి మురికా?" అంది దామిరా. "అంత ముచ్చటైతే కుక్కకే ఉండనీ." చొక్కా లాక్కుని, అరుగు కింద పడుకున్న కుక్క మెడకి తనే ముడేసింది. కలిచా చెప్పిన మొదటి పని దామిరా చేతులతోనే అయిపోయింది.

నుర్జాత్ మూట పక్కన పెట్టుకుని, తన ఒళ్ళో పిల్లాణ్ణి చివరిసారి చూసుకుంటూ ఏడుస్తోంది. అప్పుడు కుక్క మెడ దగ్గర్నుంచి ఎవరో దగ్గారు.

"అమ్మాయ్ దామిరా."

దామిరా నిటారుగా లేచి నిలబడింది. ఆ గొంతు బతికున్నన్నాళ్ళూ ఆమె అలాగే లేచేది.

"మన గడప తొక్కినవాళ్ళకి నిండు గిన్నె పోస్తావా? పారబోసి మళ్ళీ పొయ్యి."

దామిరా పారబోసి, ఈసారి గిన్నె అడుగున కాస్త పోసింది.

"ఆ కారెవరిది?"

"నుర్జాత్‌ని... పుట్టింటికి, అత్తయ్యా."

"నీకు పిల్లలు పోయినప్పుడు నేను నిన్ను పంపానా? బూడిదలో పారేస్తే నా నోరు మూతపడుతుందనుకున్నావా?"

దామిరా తనకి ముగ్గురు పోయిన సంగతి ఊరంతా మరిచిపోయిందనుకుంది పాపం. కారు ఖాళీగా వెళ్ళిపోయింది. నుర్జాత్ కుక్క మెడలోంచి చొక్కా విప్పి పిల్లాడికి తొడిగింది. వాడు చప్పరించి చప్పరించి, తల్లి రొమ్ము అందుకున్నాడు.

పిల్లాడు పుట్టిన నలభయ్యో రోజున ఈ చొక్కా విప్పాలని ఆచారం. ఆ రోజు కోసం దామిరా ఎంత ఆత్రంగా కాచుకుందో ఊళ్ళో అందరికీ తెలుసు. విప్పారు కూడా. నుర్జాత్ దాన్ని మడిచి, ఉన్ని కూరి, చిన్న దిండుగా కుట్టి, పెద్దలు కూర్చునే పైచోటున పెట్టింది.

ఇప్పుడు దామిరా గుమ్మం పక్కన, కోడలు కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. నుర్జాత్‌కి కొంచెం కొంచెంగా చాయ్ పోస్తుంది.