వరసలో మొదటి పేరు

మా ఆయనతో నాకున్న ఇబ్బంది ఒక్కటే. ఆయనకు తెలియని విషయం లేదు. పోనీ, తెలిసింది తనలోనే దాచుకుంటారా అంటే అదీ లేదు.

మా ఇంట్లో కంప్యూటరు ఒకటే, ఈమెయిలూ ఒకటే. పేరు నాది, పెత్తనం ఆయనది. నేను పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. ఒంటిచేత్తో ప్రచురణ సంస్థ నడిపే ఒక పెద్దావిడ ఆ మెయిల్లోనే పంపిస్తారు. ప్రింటు తీసి ఎర్రపెన్నుతో దిద్ది, ఆ దిద్దుబాట్లు ఫైల్లోకి ఎక్కించి పంపుతాను. వంటింటి బయట నాదంటూ ఉన్న పని అదొక్కటే.

ఒకరోజు మా ఆయన ఆఫీసు నుంచి ఓ రహస్యం మోసుకొచ్చారు. మెయిల్లో దాచుకున్న చిరునామాల వరసలో అన్నిటికన్నా పైన ఒక దొంగ పేరు పెడితే చాలట. వైరస్ వచ్చి అందరికీ తనను తాను పంపుకోబోతుందట. మొదటి చిరునామాయే ఉత్తుత్తిది కాబట్టి అక్కడే తల బాదుకుని చస్తుందట.

"అఅఅ" అని కొట్టి వరసకు తలమీద కూర్చోబెట్టారు. "ఇతనే మన కాపలాదారు" అన్నారు. ఆ ధీమాతో, వైరస్‌లను పట్టే సాఫ్ట్‌వేర్ కాస్తా తీసేశారు. అది కంప్యూటరును నత్తనడక నడిపిస్తోందట.

"అంటే కంచె పీకేసి బెదురుబొమ్మను నిలబెట్టారన్నమాట" అన్నాను.

"నీకు ప్రతిదీ వెటకారమే. ఇది టెక్నిక్."

"సరే. పూటకింత అతనికీ భోజనం పెట్టమంటారా?"

ఆ ఆదివారం ఆయన ఎవరో పంపిన జోకుల ఫైలు తెరిచారు. జోకులేమీ రాలేదు. తెర కాసేపు బిగుసుకుపోయి మళ్లీ కదిలింది. ఆ వెంటనే మెయిల్లో ఓ కబురు: అఅఅ గారి చిరునామాకు మీ ఉత్తరం చేరలేదు.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "చూశావా? పట్టేశాడు. అక్కడికక్కడే చచ్చింది."

"అతనికి చేరలేదు సరే. మిగతావాళ్ల సంగతో? పబ్లిషరు గారికైనా ఫోన్ చేసి ఓ మాట చెప్తాను, మన పేరుతో ఏదొచ్చినా తెరవొద్దని."

"మతి పోయిందా? చచ్చినదానికి చాటింపెందుకు? ఊరంతా నన్ను చూసి నవ్వడానికా?"

మా ఇంట్లో ఫోనూ ఒకటే. అది ఆయన జేబులోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ పెద్దావిడే ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు. నాకు భయమేసింది అందుకే.

"అమ్మా, నిన్న మీ పేరుతో ఓ ఫైలొచ్చింది. ఇంకెవరు పంపినా తెరిచేదాన్ని కాను. మీరు దిద్దిన ప్రూఫులే అనుకుని తెరిచాను. అచ్చుకు వెళ్లాల్సిన పుస్తకం మొత్తం పోయిందమ్మా."

స్పీకరు పెట్టి ఫోను ఆయన చేతికిచ్చాను.

ఆయన గొంతు సవరించుకుని కాపలాదారు కథ మొదటినుంచీ వినిపించారు. మొదటి చిరునామాకే చేరలేదు కాబట్టి మీకు చేరే అవకాశమే లేదండీ అని ముగించారు.

"చేరింది కాబట్టే ఫోన్ చేశానండీ" అన్నారావిడ. "మీ ఆవిడ పని మీద నాకెప్పుడూ అనుమానం లేదు. కానీ ఆ ఇంటినుంచి వచ్చే ఫైలు ఇక తెరవలేను. పని వేరేవాళ్లకు ఇచ్చేస్తున్నాను. ఏమీ అనుకోవద్దని చెప్పండి."

ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, వెళ్లిన మెయిళ్లు ఒక్కొక్కటే తెరిచి చూశారు. వాళ్లక్కయ్యకు వెళ్లింది. పళ్ల డాక్టరుకు వెళ్లింది. వాళ్ల మేనేజరుకూ వెళ్లింది. క్షేమంగా మిగిలింది ఒక్కరే, అసలు పుట్టనే లేదు కాబట్టి.

నేను కాఫీ కలిపి రెండు కప్పులు తెచ్చి ఆయన ముందే పెట్టాను.

"రెండోది ఎవరికి?"

"మీ కాపలాదారుకి. రాత్రీ పగలూ డ్యూటీ కదా, పాపం."

ఆయన నవ్వలేదు. సగం దిద్దిన కాగితాల మీద నా ఎర్రపెన్ను మూత లేకుండా పడి ఉంది. తీసి మూత పెట్టారు. నావైపు చూడకుండా అన్నారు.

"నిన్న నిన్ను ఫోన్ చెయ్యనివ్వాల్సింది. తప్పు నాదే."