ఊదు పొగలో పెంకుపురుగు

అన్న బిడ్డ తొట్టెల పండుగకని శ్రీరాంపూర్ వచ్చిన భూమిక ఆ బిడ్డను ఎత్తుకున్నది తక్కువ, కిటికీలో పెట్టుకున్న పురుగును చూసింది ఎక్కువ. అదీ బతికున్న పురుగు కాదు. ఐదు కోట్ల ఏళ్ల కింద చెట్టు కార్చిన జిగురులో ఇరుక్కుపోయిన పెంకుపురుగు. ఆ జిగురే గట్టిపడి తేనె రంగు ఆంబర్ అయింది. గుజరాత్ బొగ్గు గనిలో దొరికింది. అలాంటి పురుగు లోకంలో మరొకటి బయటపడలేదు. కాళ్లు, మీసాలు, పెంకు మీది గీతలు అన్నీ వర్ణించి రాస్తే దానికో పేరు, భూమికకు డాక్టరేటు. రాయే లేకపోతే రాసిందంతా కట్టుకథ.

అంత విలువైనదాన్ని ఇంటికి తేకూడదు. తెచ్చింది. హైదరాబాద్‌లో తన గైడ్ జాన్సన్ సారుకు చెప్పకుండా, ల్యాబ్ లాకర్ లోంచి తీసి మరీ తెచ్చింది. అంత చదివిన పిల్లకు ఆ మాత్రం తెలివి ఎక్కడికి పోయిందో!

ఆ పొద్దున రాయిని కిటికీలో తెల్ల కాగితం మీద పెట్టి మీసాల కణుపులు చూస్తుంటే ఫోను మోగింది. లోపల సిగ్నల్ అందదు. వీధిలోకి పరిగెత్తింది.

"రేపు బయటి నుంచి నిపుణులు వస్తున్నారు. ఆంబర్ లాకర్‌లోనే ఉంది కదమ్మా?" అన్నారు జాన్సన్ సారు.

"ఉంది సార్." ఫోను పెట్టేసింది. ఇవాళే బయలుదేరి తిరిగి పెట్టేయాలి అనుకుంటూ వెనక్కి తిరిగింది.

గడప దాటగానే వాసన తగిలింది. పసిదానికి స్నానమైంది, నాయనమ్మ బాలవ్వ కుంపటి నిప్పుల మీద ఊదు వేసి పొగ పడుతోంది. తడి తల ఆరడానికి ఈ ఇంట్లో రోజూ చేసేదే. కానీ ఇది ఉత్త సాంబ్రాణి వాసన కాదు. పరీక్ష కోసం కాల్చిన సూది తాకిస్తే ఆంబర్ ఇదే వాసన వేస్తుంది. భూమిక కిటికీ దగ్గరికి ఉరికింది.

కిటికీలో కాగితం ఉంది. రాయి లేదు.

"బాపమ్మా! గీడ పెట్టిన రాయేది?"

"రాయేంది? గది ఊదు గడ్డ గాదా? డబ్బాల ఊదు సరిపోలే, గందుకే ఏసిన. గాని..."

ముసలామె మాట పూర్తికాకముందే భూమిక కుంపటి మీద పడింది. అట్లకాడతో నిప్పులు కెలికింది. బూడిద, కరిగి బుడగలొస్తున్న సాంబ్రాణి, అంతే. పొగకు కళ్లు మండిపోతున్నాయి.

"నా బతుకు ఆగం జేసినవ్! ఎవ్వల సొమ్మో ఎరుకనా? అడగొద్దా? కండ్లు కనబడవా నీకు?"

పసిది గుక్కపట్టింది. బాలవ్వ కొంగు కింద చేతులు దాచుకుని గోడకు ఒదిగిపోయింది. పిల్లను ఎత్తుకున్న వదిన అనసూర్యకు ఒళ్లు మండింది.

"జర ఆగు భూమికా! తిట్టుడే గాని ఆమెను చెప్పనిస్తున్నవా? నిప్పుల మీద పురుగు కనబడంగనే తీసేసింది గదా!"

బాలవ్వ భయం భయంగా కొంగుముడి విప్పింది. అందులో రాయి. ఒక అంచు నల్లబడి మెత్తబడింది, చీర నూలు దానికి అంటుకుంది. భూమిక దాన్ని వెలుగుకు పట్టి లెన్సు పెట్టింది. కాళ్లున్నాయి. మీసాలున్నాయి. కాలిన అంచుకూ పెంకుకూ మధ్య వెంట్రుకవాసి ఎడం.

పట్టరాని సంతోషంతో బాపమ్మ చెయ్యి పట్టుకుంది. బాలవ్వ "అబ్బా!" అని లాగేసుకుంది. వేళ్ల కొసలు బొబ్బలెక్కి ఉన్నాయి.

"పటకారు లేదా బాపమ్మా? ఉత్త చేతులతోని తీస్తవా?"

"పటకారు దేవులాడెదాంక అది ఆగుతదా? పానమున్న పురుగాయె. సల్లారినంక చెట్టు మీద ఇడుద్దామని ముడేసిన." బాలవ్వ రాయిలోకి తొంగి చూసింది. "కదుల్తలేదేందే బిడ్డా? బతుకుతదా?"

కాలిన అంచును దాచడం ఎలాగూ కుదరదు, సారుకు నిజం చెప్పక తప్పదు. కానీ ఈమెకు ఐదు కోట్ల ఏళ్ల సంగతి చెప్పడానికి భూమికకు నోరు రాలేదు.

"బతికింది బాపమ్మా," అంది, ఆ వేళ్లను చెంబు నీళ్లలో ముంచుతూ.