రెండు తలుపుల గాలి

మా ప్రిలెప్ ఊళ్ళో పొగాకు తప్ప ఇంకో ఆకు ఎరిగినవాడు లేడు. మా నాన్నది పొగాకు, వాళ్ళ నాన్నదీ పొగాకే. ఏడో తరగతిలో బడి మానేసి నేను దూరిందీ పొగాకు గోదాములోకే. ఆ గోదాములోనే ఇప్పుడు గంజాయి పెంచుతున్నాం. దొంగచాటుగా కాదు. సర్కారు ముద్ర కొట్టిన కాగితం గోడకి తగిలించుకుని, మందుల కంపెనీల కోసం పెంచుతున్నాం. నా చిన్నప్పుడు పెరట్లో ఒక్క మొక్క దొరికిందని మా వీధిలో ఒకణ్ణి జైల్లో వేశారు. వాడి తమ్ముడు తాసే ఇప్పుడు నడుముకి తుపాకీ కట్టుకుని అదే మొక్కకి కాపలా కాస్తున్నాడు. మా అన్న ముందే పుట్టేశాడు, అదే వాడు చేసిన నేరం అంటాడు తాసే.

ఇక్కడ మొక్కలు మట్టిలో ఉండవు. కింద నీళ్ళ తొట్లు, అందులో వేలాడే వేర్లు, పైన దీపాలు. గాలి కూడా మేమిస్తేనే. మొదటిసారి చూసినప్పుడు గోదాములో పనిచేసే మా ఆడవాళ్ళు, ఆసుపత్రిలో గొట్టాలు పెట్టి పడుకోబెట్టినట్టున్నాయే అన్నారు. తప్పేం అనలేదు. మట్టిలో ఉన్న మొక్క ఎండకి కాస్త ఓర్చుకుంటుంది, వేరు లోపలికి పోయి చల్లదనం వెతుక్కుంటుంది. తొట్టిలో వేరు ఎక్కడికి పోతుంది? నీళ్ళు వేడెక్కితే అందులోనే ఉడకాలి.

యజమాని గ్లిగోర్ ఉండేది రాజధానిలో, స్కోప్యేలో. మునుపటి రెండు కాపులూ పరీక్షలో పోయాయి. ఒకదానికి బూజు పట్టింది, ఇంకోదాంట్లో సత్తువ లేదన్నారు. వసంతంలో వచ్చి మా అందర్నీ నిలబెట్టి చెప్పాడు. ఈ కాపు నిలబడితే గోదాము నిలబడుతుంది, లేకపోతే తాళం. అరిచి చెప్పలేదు. అరిచే మనిషైతే కాస్త ఆశ ఉండేది.

తాళం పడితే ఆడవాళ్ళు ఎలాగో మళ్ళీ పొగాకు గుచ్చుకుని బతుకుతారు. నాకు మాత్రం స్లొవేనియానే దిక్కు. అక్కడ కట్టడం పనిలో పదకొండేళ్ళు చేసి వచ్చాను. కూలీలు పడుకునే రేకుల బారకాసులో మంచం మీద మంచం. పక్కవాడి గురక విని వాడి ఊరేదో చెప్పేవాణ్ణి. మోకాలు అక్కడే పోయింది. పెళ్ళాం కూడా అప్పుడే పోయింది, చచ్చి కాదు, ఇంకొకడితో. ఇక్కడికొచ్చి ఈ తొట్ల దగ్గర నిలబడ్డాక మొదటిసారి నా ఇంట్లో నా మంచం మీద పడుకుంటున్నాను. నాకు కావలసింది అంతే, ఈ ఊళ్ళో ఈ పని ఉండటం.

ఆ వేసవిలో నీళ్ళు చల్లబరిచే మిషను ఆగిపోయింది. బయట రాళ్ళు పగిలే ఎండ. మిషను చేసినవాళ్ళు ఇటలీలో ఉన్నారు. ఫోన్ చేస్తే, ఫ్యాక్టరీ మూసి అందరూ సముద్రానికి పోయారు, ఆగస్టు గడిచాక రండి అని రికార్డు చేసిన గొంతు వినిపించింది. ఇంకొకచోట దొరుకుతుందేమోనని గ్లిగోర్ ఊరూరా అడిగించాడు. దొరకలేదు. గదిలో ఏసీలు ఉన్నాయి గానీ, సాయంత్రం అయ్యేసరికి ఊళ్ళో అందరూ ఏసీలు వేసుకుంటారు, కరెంటు నీరసపడిపోతుంది, అవి మూలుగుతూ వేడిగాలే తిప్పుతాయి.

మొక్కలు చూసుకునే చదువుకున్న అమ్మాయి ఇలింకా. పక్క ఊరు బిటోలా పిల్ల, అప్పటికి ఏడో నెల కడుపు. పని తెలిసిన పిల్ల, అబద్ధం చెప్పకూడదు. మొదటి రోజే ఆకుల్ని చూపించింది. అంచులు రెండువైపులా పైకి లేచి దోనెల్లా ముడుచుకున్నాయి. ఆకు తన నీళ్ళు తాను దాచుకోవాలని అలా ముడుచుకుంటుందట. మొగ్గల మీద సన్నగా, వంకరగా కొత్త కొమ్ములు మొలుస్తున్నాయి. అది ఎదుగుదల కాదు బాబాయ్, కంగారు అంది. వేరు ఒకటి పైకి తీసి చూపిస్తే తెల్లగా ఉండాల్సింది టీ రంగుకి తిరిగింది. వాసన చూడమంది. చెరువు అడుగు బురద వాసన.

చేయగలిగినవన్నీ చేశాం. దీపాలు పైకి లాగి వెలుగు సగానికి తగ్గించింది. ఇంకా తగ్గిస్తే మొగ్గ గట్టిపడదట. పగలు ఆర్పి రాత్రి వెలిగిద్దామా అని అడిగాను. మొగ్గ మీదున్నదానికి వేళలు మారిస్తే బెదిరిపోయి గింజ పడుతుందంది, గింజ పడితే మందుకి పనికిరాదు. నేను మా మేనమామ కొడుకు ఐస్‌క్రీం కొట్టులో నీళ్ళ సీసాలు గడ్డకట్టించి, వ్యానులో తెచ్చి తొట్లలో వేసేవాణ్ణి. మూత బిగించిన సీసా గనక తొట్టిలోని ఎరువు పలచన కాదు. సీసాలు తేలుతూ కాసేపు బాగుండేవి. తర్వాత అవీ గోరువెచ్చనయ్యేవి. పొగాకుని ఎండబెట్టడానికి ఎండ చాలలేదని మీ నాన్న మొత్తుకునేవాడు, నువ్వేమో ఆకుకి మంచుగడ్డలు మోస్తున్నావు, మీ వంశం తలకిందులైందిరా ఓర్దాన్, అని తాసే గేటు దగ్గర రోజూ దెప్పేవాడు.

నేలమాళిగ సంగతి ఎవరు ఎత్తారో గుర్తులేదు. అందరికీ తెలిసిందే. గోదాము కింద పూర్వం పొగాకు మగ్గబెట్టిన రాతి మాళిగ ఉంది. పైన ఎంత మండినా అందులో చలేస్తుంది. మాళిగ తలుపు తెరిచి, ఎదురుగా సరుకు ఎక్కించే వెనక తలుపు తెరిచి, మధ్యలో మొక్కల గది తలుపులు తెరిస్తే కింద చల్లదనం మొక్కల మీదుగా పోయి వేడిని బయటికి తోసేస్తుంది. అలా తలుపులు తెరవడం నిబంధనలకి విరుద్ధం, పురుగు దూరుతుంది. ఇలింకా గ్లిగోర్‌కి ఫోన్ చేసింది. ఆయన ఈ ఫోన్ నేను ఎత్తలేదనుకో అని పెట్టేశాడు. మేం తలుపులకి సన్నటి తెరలు కట్టి తెరిచాం.

ఆ గాలి తగలగానే మొక్కలు ఊపిరి పీల్చుకున్నాయి. మేం మాత్రం బిగుసుకుపోయాం.

ప్రోమాయా అంటాం దాన్ని. రెండు తలుపుల మధ్య పారే గాలి. పాముకన్నా దానికే భయం మాకు. నడివేసవిలో బస్సులో చెమటతో ఉడికిపోతూ కూడా రెండో కిటికీ తెరవనివ్వం. మూతి వంకరపోయిన మామయ్య, నడుం పట్టేసి నెలల తరబడి మంచాన పడ్డ పిన్ని, పిల్లలు పుట్టకుండా పోయిన పక్కింటావిడ, ఏ ఇంట్లో అడిగినా ఒకరుంటారు, అందరికీ కారణం అదే గాలి. బల్లలు గోడవారకి జరిగాయి. ఆకు గిల్లే ఆడవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకున్నారు. నేనూ మెడకి తువ్వాలు చుట్టుకున్నాను. ఇందులో సిగ్గుపడేదేముంది, మెడ నాది.

ఆడవాళ్ళందరికీ పెద్ద మెంకా పెద్దమ్మ. డెబ్భై దగ్గర పడింది. పొగాకు గుచ్చీ గుచ్చీ వేళ్ళు వంగిపోయినా ఆకు గిల్లడంలో ఆవిడకి సాటి లేదు. నన్ను చిన్నప్పటినుంచీ ఎరుగును, ఇప్పటికీ ఒరేయ్ కొడకా అనే పిలుస్తుంది. ఆవిడ బాధంతా ఇలింకా గురించే. ఆ పిల్లకి గాలి లెక్కలేదు, కొలతలు చూడాలని కుర్చీ తెచ్చి సరిగ్గా రెండు తలుపుల మధ్యనే వేసుకుంది. వద్దే తల్లీ, ఒంటిమీద చెమట, కడుపులో బిడ్డ, అని పెద్దమ్మ రోజంతా చెప్పేది. ఇలింకా నవ్వి, జర్మనీలో ఆడవాళ్ళు కిటికీలు తెరుచుకునే కంటారు పెద్దమ్మా అంది. దానికి పెద్దమ్మ, అందుకే వాళ్ళ పిల్లలు అంత కొయ్యబారి ఉంటారు అంది.

కొద్దిరోజుల్లోనే ఆకులు దిగాయి. ముడుచుకున్న అంచులు విప్పుకున్నాయి. వేర్లలో తెల్లటి కొత్త పోగులు కనిపించాయి. ఇలింకా నా చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కెళ్ళి మరీ చూపించింది. ఇంకో వారం ఇలాగే లాగితే కోతకి వచ్చేస్తాయి అంది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ మెట్ల దగ్గర విరిగిన రెయిలింగుకి సిమెంటు పెట్టాను. ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న పని. ఇక్కడే ఉండేవాడు చేసుకునే పని.

మర్నాడు మధ్యాహ్నం సీసాల కోసం ఊళ్ళోకి వెళ్ళాను. ఐస్‌క్రీం కొట్టు దగ్గర పెళ్ళి ఊరేగింపు అడ్డం పడింది. కార్లు హారన్లు మోగిస్తూ, డోలు వాయిస్తూ, ఎవడో కారు కిటికీలోంచి జెండా ఊపుతూ. హారన్ కొడితే అది కూడా ఊరేగింపులో కలిసిపోయింది, పెళ్ళికొడుకు తరపువాడొకడు వచ్చి నా నోట్లో రకియా సారా సీసా పెట్టాడు. ఎంతసేపు ఆగానో తెలీదు. వెనకాల సీసాలు కరుగుతుంటే వాటికి పట్టిన చెమ్మ చినుకుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

తిరిగొచ్చేసరికి గోదాము నిశ్శబ్దంగా ఉంది. భోజనాల వేళ దాటింది, ఆడవాళ్ళు చెట్టు కింద దోసకాయ పెరుగు పులుసు తాగి నీడలో నడుం వాల్చారు. వెనక తలుపు మూసి ఉంది. మాళిగ తలుపూ మూసి ఉంది, గడియ పెట్టి. లోపలికి పోతే రెండు తలుపుల మధ్య నడవలో, కుర్చీలో ఇలింకా నిద్రపోతోంది. తెల్లారకముందు నుంచీ అక్కడే ఉంది పాపం, తల పక్కకి వాలిపోయింది. ఒళ్ళో పెద్దమ్మ శాలువా. పెద్దమ్మ పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుని అట్టముక్కతో మెల్లగా విసురుతోంది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టింది.

నేను మొక్కల గది తలుపు తీశాను. రొట్టెల పొయ్యి మూత తీసినట్టు ముఖం మీద కొట్టింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. స్విచ్చులు ముట్టుకోవద్దని అందరికీ గట్టిగా చెప్పి ఉంది, పెద్దమ్మ ఏ స్విచ్చూ ముట్టుకోలేదు. వేడి ఎక్కువైతే మోగే గంట ఆ వేసవంతా మోగీ మోగీ ప్రాణం తీస్తుంటే మేమే ఆపేశాం. గది ఈ చివరనుంచి ఆ చివరదాకా ఆకులన్నీ కిందకి వేలాడుతున్నాయి, ఉడకబెట్టిన పాలకూరలాగా. తొట్టిలో చెయ్యి పెట్టాను. స్నానానికి కాచిన నీళ్ళు.

నేను అరవలేదు. ఎవరి మీద అరవాలి? దీపాలు ఆర్పాను, తలుపులన్నీ బార్లా తెరిచాను, సగం కరిగిన సీసాలు తొట్లలోకి విసిరాను. ఆ చప్పుడుకి ఇలింకా లేచింది. వచ్చి నా పక్కన నిలబడింది. ఒక మొక్కని వేర్లతో సహా పైకెత్తి చూసింది, వేర్లు జారి చేతిలో ముద్దగా ఊడివచ్చాయి. దాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టింది, నిలబడుతుందన్నట్టు.

తలుపు దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది.

"పిల్ల తడిసిపోయింది కొడకా," అంది. "మెడ వెనకంతా చెమట. లేపితే ఉలిక్కిపడుతుంది, బిడ్డకి మంచిది కాదు. కాసేపే కదా అనుకున్నాను."

చెట్టు కిందనుంచి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలో గుమిగూడారు. ఒక్కరూ పెద్దమ్మని ఏమీ అనలేదు. వాళ్ళు ఆ నడవలో ఉంటే ఏం చేసేవాళ్ళో వాళ్ళకి తెలుసు. నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలుసు.

గ్లిగోర్‌కి ఫోన్ ఇలింకానే చేసింది, అందరికీ వినపడేలా పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. నిద్రపోయాను, తప్పు నాది అంది. తలుపులు ఎవరు మూశారని ఆయన అడిగాడు. ఇలింకా జవాబు చెప్పకపోతే పెద్దమ్మే ముందుకొచ్చి, నేనే బాబూ అంది, ఎందుకో కూడా చెప్పింది.



"ఏడో నెల కడుపుతో ఆ గాలిలో కూర్చుందా?" అన్నాడు గ్లిగోర్. "చెమటతోనా? మీలో ఒక్కడికీ బుద్ధి లేదా, అక్కడ ఎలా కూర్చోనిచ్చారు?"



"మూసి మంచిపని చేశావు పెద్దమ్మా," అన్నాడు. తర్వాత అదే గొంతుతో, గది ఖాళీ చెయ్యడానికి అధికారులకి కబురు పెడతానన్నాడు, తాళాలు తాసేకి ఇవ్వమన్నాడు.

చచ్చిన మొక్కనైనా ఊరికే పారెయ్యనివ్వరు. అధికారులు వచ్చి, ప్రతి మొక్కనీ తూచి, మా చేతనే కోయించి, ముక్కలు చేయించి, సున్నం కలిపించారు. కోతకి పదును పెట్టిన కత్తెరలు ఆ పనికి వాడాం. పెద్దమ్మ కూడా వచ్చింది. రావద్దు, ఇంటి దగ్గర ఉండు అని ఇలింకా చెప్పినా వచ్చి, అందరికన్నా వేగంగా కోసింది, తల ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి, నీకు ఇక్కడే ఏదైనా దొరుకుతుందిలే కొడకా అంది. దొరుకుతుంది పెద్దమ్మా అన్నాను. ఇంకేమనాలి?

ఆ రాత్రికే స్లొవేనియాకి, ల్యుబ్లియానాలో ఉన్న పాత మేస్త్రీకి ఫోన్ చేశాను. నన్ను గుర్తుపట్టాడు. వయసు ఎంతని అడిగాడు, రెండేళ్ళు తగ్గించి చెప్పాను. బారకాసులో ఒక మంచం ఖాళీ ఉందన్నాడు. పైమంచమే, కింద మంచాలన్నీ కుర్రాళ్ళు పట్టేశారు, ఎక్కగలవా అన్నాడు.

ఎక్కుతానన్నాను.