చేతినిండా ఖాళీ

మొగుడు సాయికిరణ్ తనంతట తాను కాఫీ కలిపి తెచ్చి వంటగట్టు మీద పెట్టినప్పుడే నాగశ్రీకి అనుమానం మొదలైంది.

ఆమె రొయ్యలు ఒలుస్తోంది. అతను తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. "ఇంక నీకా ఆఫీసు చాకిరీ ఉండదు. సాఫ్ట్‌వేర్ పెట్టిస్తున్నాను. రైతు పేరు, ఊరు, సరుకు నొక్కితే చాలు, కాగితం దానంతటదే తయారవుతుంది. కొటేషను, చలానా, ఒప్పందం, ఏదైనా సరే. నువ్వు హాయిగా ఉండొచ్చు," అన్నాడు.

హాయిగా ఉండొచ్చు. ఈ మాట ఆమె ఇంతకుముందూ విన్నది. వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు విన్నది. ఆ వారం నుంచే రొయ్యల చెరువుల దగ్గర కాపలావాళ్ళ దుప్పట్లు కూడా ఇంటికి రావడం మొదలైంది. గ్రైండర్ కొన్నప్పుడు విన్నది. అప్పటినుంచి ఆడపడుచు ఇంటికి కూడా పిండి ఇక్కడినుంచే వెళ్తోంది. ఈ ఇంట్లో ఆమెకి ఏదైనా ఒక సుఖం వచ్చిందంటే, దాని వెనకాలే ఇంకేదో చెప్పులు విడిచి లోపలికి వస్తుంది. ఈసారి వచ్చేది ఏమిటో తెలియలేదు. కాఫీ మాత్రం తాగింది. పంచదార ఎక్కువైంది.

భీమవరంలో వాళ్ళది రొయ్యల మేత, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల వ్యాపారం. ఆడవాళ్ళ పేరున ఉంటే రాయితీలు వస్తాయని మామగారు ఆంజనేయరాజు గారు దాన్ని కోడలి పేరున పెట్టించారు. ఎం.కామ్. చదివిన కోడలు ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని వ్యాపారానికి కావలసిన కాగితాలన్నీ తయారుచేసేది, సంతకమూ పెట్టేది. పొయ్యి మీద కుక్కర్ కూత వేస్తే లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి, ఆగిన వాక్యం దగ్గర కూర్చునేది. జీతం అన్న మాట ఎవరికీ తోచలేదు. చాలాకాలం ఆమెకీ తోచలేదు. ఇంటికెవరైనా వచ్చి "మీ కోడలు ఏం చేస్తారండీ?" అని అడిగితే, అత్తగారు సుభద్రమ్మ గారు "ఇంట్లోనే ఉంటుందండి, కంప్యూటర్ దగ్గర కాలక్షేపం," అనేవారు. ప్రేమగానే అనేవారు. అందుకే జవాబు చెప్పడం కష్టమయ్యేది.

సాఫ్ట్‌వేర్ పెట్టడానికి రాజమండ్రి నుంచి గంగాధర్ అనే అతను వచ్చాడు. మర్యాదస్తుడు. "మేడం గారూ, మీరు రాసిన పాత కాగితాలు రకానికొకటి ఇస్తే అచ్చు అలాగే వచ్చేట్టు చేస్తానండి," అన్నాడు. పక్కనే ఉన్న సాయికిరణ్ నవ్వాడు. "ఏముందండీ, అంతా కాపీ పేస్టే కదా."

మొదటి ఒప్పందం దానంతటదే తయారై తెరమీద నిలిచినప్పుడు నాగశ్రీకి ముందు సంతోషమే కలిగింది. అబద్ధమెందుకు, ఆ పనంటే ఆమెకి ప్రేమేమీ లేదు. అవే పేర్లు, అవే షరతులు, అదే "తమ విధేయులు". ఆ విసుగంతా ఒక యంత్రం మోస్తానంటే ఎవరికి చేదు? కానీ కింద దాకా చదువుతుంటే ఆ వాక్యాలన్నీ తనవే. పంట పోయిన రైతుకి కటువుగా తగలకూడదని ఒకప్పుడు కూర్చుని సరిచేసుకున్న మాట కూడా అలాగే ఉంది. తన మాటలు తను లేకుండా నడిచి వెళ్ళిపోతున్నాయి. మరి తనెక్కడికి వెళ్ళాలి? ఆ సంగతి ఎవరూ చెప్పడం లేదేం?

జువ్వలపాలెం రోడ్డులో కొత్త ఆఫీసు సిద్ధమవుతోంది. ఆ సాయంత్రం మొగుడు స్నానం చేసి వచ్చాక అడిగింది. "అక్కడ నా కుర్చీ ఎక్కడేశారండీ?"

"నీకక్కడెందుకు, ఎండలో పడి రావడం?" అన్నాడు తల తుడుచుకుంటూ. ఆమె మొహం చూడలేదు.

అప్పటినుంచి ఆమె చెవులు రిక్కించుకుని తిరిగింది. హాల్లోకి వెళ్తే మామగారు ఫోన్లో గొంతు తగ్గించేవారు. అత్తగారు ఊరికే దగ్గరికొచ్చి "చిక్కిపోయావమ్మా" అనేవారు. ఏమై ఉంటుంది? వ్యాపారం తన పేరునుంచి తీసేస్తున్నారా? కొత్త ఆఫీసుకి ఇంకెవరినైనా పెడుతున్నారా? ఒకరోజు బట్టలు మడతపెడుతూ, ఇంకో ఆడమనిషి సంగతి కూడా ఆలోచించింది. ఆలోచించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అనుమానం ఎంత నీచమైన పని చేయిస్తుందో! అతని చొక్కా వాసన చూసి, గబుక్కున బీరువాలో పెట్టేసింది. అనుమానించే మనిషిగా తనను మార్చింది ఎవరన్న ప్రశ్న మాత్రం బీరువాలో పట్టలేదు.

జవాబు ట్రాలీ ఆటోలో వచ్చింది. గంగాధర్‌కి చలానాల సంగతి చెబుతుండగా గుమ్మంలో ఇద్దరు మనుషులు ఆసుపత్రి మంచం దింపారు. తల వైపు పైకి లేపే మరతో ఉన్న ఇనప మంచం.

"ఎక్కడికండీ ఇది?" అంది.

"ఇక్కడికేనండి. మేడం గారి కంప్యూటర్ గదిలో వెయ్యమన్నారండి సారు," అన్నాడు అందులో ఒకతను, గది కొలుస్తున్నట్టు లోపలికి చూసి.

గంగాధర్ తల దించుకుని కీబోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.

సుభద్రమ్మ గారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. సంగతి అప్పుడు బయటపడింది. రామచంద్రపురంలో ఉండే ఆవిడ అక్క శ్యామలాంబ గారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పిల్లల్లేరు. ఆవిణ్ణి ఇక్కడికి తెచ్చుకోవాలని నిశ్చయమైపోయింది. "అక్కడ లోవలక్ష్మి అని ఒకామె చూసుకునేదమ్మా. ఇంటి మనిషుండగా పరాయిదెందుకని మానిపించేశాం. నీకిప్పుడు చేతినిండా ఖాళీయే కదా."

నాగశ్రీ మొగుడికి ఫోన్ చేసింది. "చెబుదామనే అనుకున్నాను. నువ్వు కాదనవని తెలుసు కదా," అన్నాడు. కాదనవని తెలుసు. అందుకే అడగలేదట. కాదంటుందేమోనని భయపడి దాచినా బాగుండును, అందులో కొంచెం లెక్కచేయడం ఉండేది.

మర్నాడు శ్యామలాంబ గారు వచ్చారు. ఒకప్పుడు కొబ్బరితోటలో నిలబడి కాయలు దింపేవాళ్ళని అదిలించిన మనిషి. ఇప్పుడు నోరు ఒకవైపుకి జారి, మాట ముద్దగా వస్తోంది. ఆవిడంటే నాగశ్రీకి మొదటినుంచీ ఇష్టం. ఆ ఇష్టాన్ని కూడా వీళ్ళు తనని కట్టే తాడుగా వాడుకున్నారని కోపం వచ్చింది. కోపం ఆవిడ మీద పడకుండా చూసుకుంటూ, జావ చెంచాతో పట్టింది.

రెండు చెంచాలు మింగి, శ్యామలాంబ గారు ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని ఆపారు. "నిన్నడిగారా అమ్మా?"

నాగశ్రీకి అర్థం కాలేదనుకుని ఆవిడ మళ్ళీ కష్టపడి అన్నారు. "నన్ను తెస్తామని... నిన్నడిగారా?"

"లేదండి దొడ్డమ్మగారూ."

"నన్నూ అడగలేదే," అన్నారావిడ. కళ్ళలో నీళ్ళు లేవు, రోషం ఉంది. "లోవలక్ష్మికి నా మాట తెలుస్తుంది. నా ఒళ్ళు తెలుస్తుంది. నా ఇంట్లో నేనుండేదాన్ని. దాన్ని పొమ్మన్నారు."

నాగశ్రీ చెంచా గిన్నెలో పెట్టేసింది. ఇన్నాళ్ళూ అడక్కుండా సర్దింది తననొక్కదాన్నే అనుకుంది. వీళ్ళు దొడ్డమ్మగారినీ సర్దారు, తననీ సర్దారు, ఒకరి పక్కన ఒకర్ని, గదిలో సామాను సర్దినట్టు. పైగా దానికి ప్రేమ అని పేరు. నాగశ్రీ ఆవిడ చెప్పిన లోవలక్ష్మి నంబరుకి ఫోన్ చేసి, అవతల గొంతు వినబడగానే ఆవిడ చెవి దగ్గర పెట్టింది. ఆ ముద్దమాటలు అవతలి మనిషికి ఒక్కటి కూడా తప్పిపోకుండా అర్థమయ్యాయి.

కొత్త ఆఫీసు ప్రారంభం నాడు పొద్దున్నే గంగాధర్ తెల్లకాగితం పట్టుకొచ్చాడు. హాల్లో అందరూ ఉన్నారు. "మేడం గారూ, దీనిమీద ఒక్క సంతకం చేస్తే స్కాన్ చేసి ఎక్కించేస్తానండి. ఇక ప్రతి కాగితం మీదా అదే పడిపోతుందండి."

"నేను చూడకపోయినా పడుతుందా?"

గంగాధర్ సాయికిరణ్ వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "పడుతుందండి. కావాలంటే మీరు చూసి సరేనంటేనే పడేట్టు కూడా పెట్టొచ్చండి."

"అలా పెట్టండి. సరేననడానికి నేను రోజూ ఆఫీసుకొస్తాను. కుర్చీ వేయించండి."

ఆంజనేయరాజు గారు పేపరు దించారు. "వ్యాపారం మగాళ్ళు చూసుకుంటారు కదమ్మా. నీకు శ్రమెందుకు?"

"కాగితం మీద పేరు నాదండి మావయ్యగారూ. ఏదైనా తేడా వస్తే పిలిచేదీ నన్నేనండి," అంది. "జీతం సంగతి కూడా అక్కడే కూర్చుని మాట్లాడుకుందాం. లోవలక్ష్మి ఈ రోజే వస్తోంది. దొడ్డమ్మగారే పిలిపించుకున్నారు. కాస్త కోలుకున్నాక ఇద్దరూ రామచంద్రపురం వెళ్ళిపోతారట. ఆ ఏర్పాటు ఆవిడది, నాది కాదు."

సుభద్రమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సాయికిరణ్ నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు.

"సరే, నువ్వు ఆఫీసుకొస్తావు. మరి ఇంటి సంగతేంటి? వంట ఎవరు చేస్తారు? అమ్మ మందులు ఎవరు చూస్తారు?" అన్నాడు సాయికిరణ్.

నాగశ్రీ చెప్పులేసుకుంటోంది.

"నన్నడక్కుండా ఇన్ని ఏర్పాట్లు చేసుకున్నారు కదండీ," అంది. "ఇది కూడా నన్నడక్కుండానే చూసుకోండి."