మాట వచ్చిన రోజు

ఆ రోజు ఎక్స్‌రే గదిలోకి వచ్చిన చివరి మనిషి ఒక ముసలాయన. అప్పటికే ఎక్స్‌రేలు తీసే ఆమెకు నడుం పట్టేసింది. పొద్దుటినుంచీ "ఊపిరి పీల్చి ఆపండి" అని అందరికీ చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది.

మూడు వారాల కిందట ఆయన ఊపిరితిత్తిలో ఉన్న తెల్లమచ్చ ఇప్పుడు లేదు. వెంట వచ్చిన కోడలు కళ్ళు తుడుచుకుని, "మా దేవుడి మహిమ!" అంది. వాళ్ళ మతం వేరు, ఈమె మతం వేరు.

"నిమ్ము చేసింది, మందులు వాడారు, తగ్గింది. అంతేనండీ" అంది ఈమె.

"మందులు అందరూ మింగుతారమ్మా. అందరికీ తగ్గుతుందా?"

వాదించే ఓపిక లేక ఫిల్ము చేతికిచ్చి పంపేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకీ అక్కకీ ఆ సంగతి చెబితే అమ్మ పడీపడీ నవ్వింది. "వాళ్ళంతేనే. ఏది చెప్పినా గుడ్డిగా నమ్మేస్తారు. మనకి జరిగిందీ, అది అసలు మహిమ. నాలుగేళ్ళొచ్చినా నీకు మాట రాలేదు. పదకొండు వారాలు నిన్ను చంకనేసుకుని ప్రార్థనకి తిప్పాను. ఆఖరి వారం ఇంటికి రాగానే 'అమ్మా' అన్నావు."

ఈ కథ ఆమె వెయ్యిసార్లు విన్నది. బంధువులంతా ఆమెను 'వరం' అనే పిలుస్తారు. ఏ కష్టమొచ్చినా, నన్ను ఒకసారి కనికరించినవాడు మళ్ళీ కనికరించడా అనుకుంటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది.

కూరగాయలు తరుగుతున్న అక్క తలెత్తకుండానే అంది: "దానికి మాట ఎప్పుడూ ఉందమ్మా. మంచం కింద దూరి నాతో గుసగుసగా వాగుతూనే ఉండేది. నాన్న ఇంట్లో ఉంటే నోరు తెరిచేది కాదు, అంతే. ఆ వారమేగా నాన్న బదిలీ మీద వెళ్ళిపోయింది."

"నీకప్పుడు తొమ్మిదేళ్ళు. నీకేం తెలుసే!" అని అమ్మ విసురుగా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అని అడిగింది ఆమె.

"నువ్వూ అమ్మా అది చెప్పుకుని మురిసిపోతుంటే నాకు నోరు రాలేదు. ఇవాళ అమ్మ అలా వాళ్ళని చూసి నవ్వేసరికి ఉండబట్టలేకపోయాను."

ఆమెకు కోపం రావాలి. రాలేదు. ఆ కోడలితో 'అంతేనండీ' అన్నది మాత్రం తలుచుకుంటే సిగ్గేసింది. వెతికితే మంచం కింది చీకటి, అక్క చెవి, ఎవరివో చెప్పుల చప్పుడు లీలగా గుర్తొచ్చాయి. అవి నిజంగా గుర్తొచ్చాయో, అక్క చెప్పింది కాబట్టి గుర్తొచ్చాయనిపించిందో తేల్చుకోలేకపోయింది.

ఆమె లోపలికెళ్ళేసరికి అమ్మ గోడకేసి తిరిగి పడుకుని ఉంది.

"తెలుసే నాకు," అంది అటే తిరిగి. "తెలియకేం? మీ నాన్నని ఎదిరించి అడగలేను. పుట్టింటికి చెప్పుకోలేను. ఇంకెవరిని అడగను? దేవుణ్ణే అడిగాను. మీ నాన్న వెళ్ళిపోయాడు, నీకు మాటొచ్చింది. దాన్ని ఇంకేమనమంటావు?"

 మొహం కడుక్కునే ఓపిక కూడా లేక ఆమె మంచం అంచున కూర్చుంది.

"నువ్వూ ఇక నమ్మడం మానేస్తావా?" అని అడిగింది అమ్మ.

"మానేద్దామనే చూస్తున్నానమ్మా ఇందాకటినుంచీ. చేతకావడం లేదు. కాస్త జరుగు, నడుం వాలుస్తాను."

అమ్మ జరిగింది.